ఏడు తరగతులు, ఇరవై ఒక్క కిలోమీటర్లు



నేను మీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే టీచర్‌ని. అయినా ఈ నెల తెలుగు పేజీలో రాస్తానని అడిగి మరీ తీసుకున్నాను. పిల్లల చదువు గురించి ఇంట్లో అసలు మాటలు జరిగేది తెలుగులోనే కదా. పైగా ఈ పేజీలను అమ్మమ్మలు, తాతయ్యలు కూడా చదువుతారని మీరే చెప్తుంటారు. నేను చెప్పబోయే విషయంలో వాళ్ల సాయం కూడా కావాలి.

మన భాషలో రెండు సామెతలున్నాయి. "ఆలస్యం అమృతం విషం" అని ఒకటి. "నిదానమే ప్రధానం" అని ఇంకొకటి. మొదటిది పొద్దున్న స్కూల్ వ్యాన్ వచ్చి హారన్ కొడుతున్నప్పుడు పనికొస్తుంది. రెండోది పరీక్షలో తెలిసిన లెక్కే తొందరలో తప్పు చేసి వచ్చినప్పుడు గుర్తొస్తుంది. రెండూ నిజాలే. ఏది ఎప్పుడు వాడాలో తెలియడమే కష్టం.

ఈమధ్య పీటీఎంలలో ఎక్కువగా మొదటి సామెతే వినిపిస్తోంది. "మేడమ్, మావాడు ఆరుకొచ్చేశాడు, ఇంకా ఫౌండేషన్ మొదలుపెట్టలేదు, లేటైపోయిందా?" "గేమ్స్ పీరియడ్ తీసేసి ఆ టైంలో మ్యాథ్స్ డౌట్స్ పెట్టొచ్చు కదా?" ఇలా అడిగేవాళ్లు పిల్లల మీద ప్రేమ లేనివాళ్లు కాదు. భయంతో అడుగుతున్నారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

కానీ నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆరో తరగతి నుంచి ఇంటర్ సెకండియర్ దాకా ఏడేళ్లు. ఈ ఏడేళ్లు వంద మీటర్ల పరుగు కాదు, హాఫ్ మారథాన్. 21 కిలోమీటర్లను ఏడు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి మూడు కిలోమీటర్లు వస్తాయి. హాఫ్ మారథాన్‌లో అలసట బయటపడేది చివర్లో అయినా, చాలామంది దాన్ని కొని తెచ్చుకునేది మొదటి మూడు కిలోమీటర్లలోనే. మన పిల్లల విషయంలో ఆ మొదటి మూడు కిలోమీటర్లు ఆరో తరగతి.

ఇది ఊరికే అలంకారంగా చెప్తున్న మాట కాదు. ఒక నిజమైన దారిని చూస్తూ మాట్లాడుకుందాం.

ఏటి గట్టు మీద ఒక పరుగు

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ పేరు మనలో చాలా ఇళ్లలో తెలిసిందే. ఎవరి అన్నయ్యో, ఎవరి ఆడపడుచో అక్కడ ఉంటారు. మనవల్ని చూసుకోవడానికి వెళ్లిన అమ్మమ్మలు ఆర్నెల్లు ఉండి వస్తారు. మా పెద్దమ్మ కూతురు కూడా అక్కడే ఉంటుంది.

ఆ ఊరికి తూర్పున డయాబ్లో పర్వతశ్రేణి కొండలు. వాటిలో ఊరివాళ్లు ఇష్టంగా ఎక్కే మిషన్ పీక్ ఎత్తు 767 మీటర్లు. వానలు పడే చలికాలంలో ఆ కొండలు పచ్చగా ఉంటాయి. ఎండాకాలం వచ్చేసరికి గడ్డి ఎండి బంగారు రంగుకు తిరుగుతాయి. కొండల మధ్య నైల్స్ కాన్యన్ అనే లోయ ఉంది. 1915లో చార్లీ చాప్లిన్ 'ది ట్రాంప్' సినిమా తీసింది ఆ నైల్స్ ప్రాంతంలోనే. ఆ లోయలోంచి అలమీడా క్రీక్ అనే ఏరు బయటికి వచ్చి, పడమరగా పారి, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో కలుస్తుంది.

లోయ ముఖం దగ్గర్నుంచి అఖాతం దాకా ఆ ఏటి వెంట 12 మైళ్ల బాట ఉంది. అంటే 19 కిలోమీటర్ల పైచిలుకు. పేరు అలమీడా క్రీక్ రీజినల్ ట్రైల్. వరద నుంచి ఊళ్లను కాపాడటానికి వేసిన కట్ట మీదే ఆ బాట నడుస్తుంది. విజయవాడ దగ్గర కృష్ణ కరకట్ట చూసినవాళ్లు దీన్ని సులువుగా ఊహించుకోగలరు: ఒక పక్క నీళ్లు, కొంగలు, మరో పక్క ఇళ్లు. తేడా ఏమిటంటే ఈ కట్ట మీదికి కార్లు, మోటార్ బైకులు రావు. ఏటికి దక్షిణపు గట్టున చదునైన తారుబాట, ఉత్తరపు గట్టున గుర్రాలు కూడా వెళ్లే మట్టిబాట. దారి మధ్యలో క్వారీ లేక్స్ అనే పార్కు వస్తుంది. ఒకప్పుడు కంకర తవ్విన గుంతలే ఇప్పుడు అక్కడ చెరువులు. చివర్లో అఖాతం ఒడ్డున కయోటీ హిల్స్ గుట్టలు.

హాఫ్ మారథాన్ దూరం 21.0975 కిలోమీటర్లు. ఆ బాట మొత్తం పొడవు కంటే అదే కాస్త ఎక్కువ. అందుకే ఇలాంటి దారుల మీద పోటీ పెట్టేటప్పుడు వెళ్లి రావడంగా పెడుతుంటారు. సగం దూరం వెళ్లాలి, అక్కడున్న గుర్తు చుట్టూ తిరగాలి, అదే దారిన వెనక్కి రావాలి. మా అక్క పరిగెత్తింది అలాంటి పోటీలోనే. ఆమెకు ఇద్దరు పిల్లలు. స్కూల్లో, కాలేజీలో ఏనాడూ గ్రౌండ్‌లోకి దిగిన మనిషి కాదు. రెండున్నర గంటల్లో పూర్తి చేయాలని పెట్టుకుంది, దాదాపు అంతే పట్టింది. ఆమె ఫోన్లో చెప్పిన విషయాలు విన్నాక మా క్లాసులోని పిల్లలే నా కళ్ల ముందుకొచ్చారు.

మొదటి మూడు: ఆరో తరగతి

రెండున్నర గంటల్లో 21.1 కిలోమీటర్లు పూర్తి చేయాలంటే కిలోమీటరుకు సుమారు 7 నిమిషాల 6 సెకన్లు పడుతుంది. లెక్క అంత సులువు. ఆచరణ మాత్రం కష్టం. పొద్దుటి చల్లదనం, చుట్టూ వందల మంది, సంగీతం, విశ్రాంతి తీసుకుని ఉన్న కాళ్లు. ఆ ఉత్సాహంలో శరీరం పడుతున్న శ్రమ మనసుకు తెలియదు. ఆరు నిమిషాల వేగం కూడా హాయిగానే అనిపిస్తుంది. చదునైన దారి అయితే మరీ మోసం, ఆపేది ఏదీ ఉండదు.

"మొదట్లో అందరూ నన్ను దాటుకుని పోతుంటే ఏడుపొచ్చినంత పనైంది. వాచీ చూసుకుంటూ నన్ను నేనే పట్టుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు వాళ్లలో చాలామంది నడుస్తూ కనిపించారు" అంది అక్క.

ఎందుకలా జరుగుతుంది? మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజన్ అనే ఇంధనం నిల్వ ఉంటుంది. నిదానంగా పరిగెత్తినప్పుడు శరీరం కొవ్వును కూడా బాగా వాడుకుంటుంది కాబట్టి ఆ నిల్వ చాలాసేపు వస్తుంది. వేగం పెంచేకొద్దీ గ్లైకోజన్ ఖర్చు పెరుగుతుంది, ఒంట్లో వేడి పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. మొదటి పావుగంటలో మిగిల్చుకున్న రెండు నిమిషాలకు చివరి గంటలో పది నిమిషాలు వడ్డీగా కట్టాల్సి రావచ్చు.

ఆరో తరగతి పిల్లలు కూడా అచ్చం అలాగే ఉంటారు. కొత్త యూనిఫాం, హైస్కూల్ అన్న గర్వం, ఏం చెప్పినా చేసే వయసు. తొమ్మిదో తరగతి లెక్కలిచ్చినా సూత్రం బట్టీపట్టి చేసేస్తారు. సాయంత్రం ఇంకో రెండు గంటలు కూర్చోమంటే కూర్చుంటారు. మనం చూసి "వీడికి బాగా ఎక్కుతోంది, ఇంకొంచెం పెంచుదాం" అనుకుంటాం. వాళ్లు చేయగలుగుతున్నారన్నది నిజమే. ఆ వేగంతో ఏడేళ్లూ వెళ్లగలరా అన్నదే అసలు ప్రశ్న. ఆరులో హుషారుగా చేతులెత్తిన పిల్లలు తొమ్మిదికొచ్చేసరికి తల వంచుకుని కూర్చోవడం, "తెలుసు మిస్, కానీ చెప్పాలనిపించట్లేదు" అనడం టీచర్లందరం చూస్తున్నదే. అది బద్ధకం కాదు. ముందే ఖర్చయిపోయిన ఇంధనం.

నీళ్ల బల్ల: ఏడు, ఎనిమిది

"పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్లు తాగడం మేలు" అంటారు మన పెద్దలు. హాఫ్ మారథాన్‌లో ఈ సామెత అక్షరాలా నిజం. దారి పొడవునా కొంత దూరానికొకటి చొప్పున నీళ్ల బల్లలు ఉంటాయి. వాలంటీర్లు కప్పులు పట్టుకుని నిలబడతారు. అనుభవం ఉన్నవాళ్లు మొదటి బల్ల దగ్గరే వేగం తగ్గించి, కావాలంటే నాలుగడుగులు నడిచి, రెండు గుక్కలు తాగి వెళ్తారు. కొత్తవాళ్లు "ఇంకా దాహం వేయలేదు, ఇరవై సెకన్లు పోతాయి" అని దాటేస్తారు. వాళ్లలో కొందరికి ఆ ఇరవై సెకన్ల విలువ ఎండెక్కాక తెలుస్తుంది.

ఆ ఏట్లోనే ఇంకో చక్కని సంగతి ఉంది. స్టీల్‌హెడ్ ట్రౌట్ అనే చేపలు సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీది కొండల వైపు వెళ్తాయి. అడ్డుకట్టల వల్ల ఎన్నో ఏళ్లు అలమీడా క్రీక్‌లో అవి పైకి వెళ్లలేకపోయాయి. ఇటీవలి కాలంలో వాటికోసం కట్టల పక్కన మెట్ల దారులు కట్టారు. చేపల మెట్లు ఎలా ఉంటాయంటే, ఒక్కో మెట్టు ఎక్కాక చేప కాసేపు ఆగడానికి నీళ్లు నెమ్మదించే చిన్న మడుగు ఉంటుంది. ఆగి, బలం కూడదీసుకుని, తర్వాతి మెట్టుకు పోతుంది. ఆ మడుగులు లేకపోతే ఎంత బలమైన చేపైనా పై మెట్టుకు చేరకముందే అలసిపోతుంది.

గేమ్స్ పీరియడ్ మన పిల్లలకు నీళ్ల బల్ల. ఆదివారం సాయంత్రం చేపల మెట్ల మీది మడుగు. అక్కడ పోయేది సమయం కాదు. తర్వాతి మూడు కిలోమీటర్లకు కావాల్సినది అక్కడే దొరుకుతుంది. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు కదిలే ఆట గానీ వ్యాయామం గానీ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మన 2009 విద్యాహక్కు చట్టం స్కూలుకు ఉండాల్సిన వాటి పట్టికలో తరగతి గదులతో పాటు ఆటస్థలాన్నీ చేర్చింది. ఆట మిగిలిన టైంలో పెట్టుకునే సరదా కాదని చట్టమే ఒప్పుకుంది.

వ్యాయామ శాస్త్రంలోనూ ఇలాంటి మాటే ఉంది. నార్వేలో పనిచేసే స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రవేత్త దూరపు పోటీల్లో ప్రపంచస్థాయిలో ఉన్నవాళ్ల శిక్షణను పరిశీలించారు. వాళ్ల శిక్షణలో సుమారు 80 శాతం తేలికపాటి శ్రమే. అంటే పక్కవాళ్లతో మాట్లాడుతూ చేయగలిగినంత. మిగిలిన 20 శాతమే గట్టి శ్రమ. అందరికంటే వేగంగా పరిగెత్తేవాళ్లే ఎక్కువ రోజులు నిదానంగా పరిగెత్తుతున్నారన్నమాట. మనం పిల్లలకు వారంలో ఏడు రోజులూ గట్టి రోజులే ఇస్తే అది కష్టపడే అలవాటు అవదు, అలసిపోయే అలవాటు అవుతుంది.

మలుపు: తొమ్మిదో తరగతి

పది కిలోమీటర్లు దాటాక మలుపు వస్తుంది. మన లెక్కలో అది తొమ్మిదో తరగతి మధ్యలో పడుతుంది. వెళ్లి వచ్చే దారికి ఒక అందం ఉంది. అక్కడ అందరూ అందరికీ ఎదురవుతారు. అందరికంటే ముందున్న మనిషి తిరిగి వస్తూ, ఇంకా వెళ్తున్నవాళ్లను దాటుతాడు. "బాగా పరిగెడుతున్నారు" అని ఇటువాళ్లు అటువాళ్లకీ, అటువాళ్లు ఇటువాళ్లకీ చెప్పుకుంటారు. మొదటివాడు చివరివాడిని చూసి నవ్వడు. తనకూ కాళ్లు నొప్పిగానే ఉన్నాయి కాబట్టి.

పడమరగా వెళ్లేటప్పుడు అఖాతం మీంచి గాలి ఎదురుగా కొడుతుంది. ఎండెక్కేకొద్దీ ఆ గాలి పెరుగుతుంది. ఎదురుగాలిలో కూడా వాచీలో అదే అంకె కనిపించాలని పట్టుబడితే తిరిగొచ్చేసరికి ఏమీ మిగలదు. తెలిసినవాళ్లు అప్పుడు వాచీని పక్కనపెట్టి శ్వాసను చూసుకుంటారు. వేగం కాస్త తగ్గినా శ్రమ మాత్రం మారకుండా ఉంటే చాలు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వీపున తోస్తుంది. ఎదురుగా కొండలు కనిపిస్తుంటాయి.

తొమ్మిదో తరగతి పిల్లలకు ఎదురుగాలి చాలా వైపుల నుంచి వస్తుంది. ఒళ్లు మారుతుంది, గొంతు మారుతుంది, స్నేహాలు మారతాయి, సిలబస్ ఒక్కసారిగా బరువెక్కుతుంది. కొందరికి ఇల్లు మారడమో, హాస్టల్‌లో చేరడమో అప్పుడే జరుగుతుంది. ఆ టర్మ్‌లో మార్కులు నాలుగు తగ్గితే ముందు అడగాల్సింది "ఎందుకు తగ్గాయి?" అని కాదు. "ఎలా ఉన్నావు? నిద్ర పడుతోందా?" అని. శ్రమ తగ్గిందా, గాలి పెరిగిందా అన్నది ప్రోగ్రెస్ కార్డు చూస్తే తెలియదు. పిల్లల ముఖం చూస్తే తెలుస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ పోటీల్లో నెంబర్ బిబ్‌కి చిప్ ఉంటుంది. స్టార్ట్ గీత దాటినప్పుడే ఎవరి గడియారం వాళ్లకు మొదలవుతుంది. గుంపులో వెనక నిలబడి నాలుగు నిమిషాలు ఆలస్యంగా గీత దాటినా ఆ నాలుగు నిమిషాలు ఆమె ఖాతాలో పడవు. పిల్లలు కూడా అందరూ ఒకే చోట నుంచి బయల్దేరరు. ఇంట్లో ఇంగ్లిష్ వినే పిల్ల, ఆరులో తెలుగు మీడియం నుంచి వచ్చి నా క్లాసులో కూర్చున్న పిల్ల, ఇద్దరికీ ఒకే గడియారం పెట్టి చూడటం న్యాయం కాదు. ఆ రెండో పిల్ల ఏడాదిలో ఎంత దూరం వచ్చిందో ర్యాంకు చెప్పదు.

చివరి ఆరు: ఇంటర్

పదో తరగతి పన్నెండు నుంచి పదిహేను కిలోమీటర్ల మధ్య. ఇంటర్ రెండేళ్లు చివరి ఆరు కిలోమీటర్లు. అప్పుడు కష్టపడాలి. ఆ మాట దాచను. హాఫ్ మారథాన్‌లోనూ చివరి ఐదారు కిలోమీటర్లు హాయిగా ఉండవు. కానీ అక్కడిదాకా సమంగా వచ్చినవాళ్ల దగ్గర ఖర్చుపెట్టడానికి ఏదో ఒకటి మిగిలి ఉంటుంది. రెండో సగాన్ని మొదటి సగం కంటే వేగంగా పరిగెత్తడాన్ని 'నెగటివ్ స్ప్లిట్' అంటారు. చాలామంది కోచ్‌లు కోరుకునేది అదే.

పోటీకి ముందు ఒకటి రెండు వారాలు పరుగు దూరం తగ్గిస్తారు. దాన్ని టేపరింగ్ అంటారు. చేసిన సాధన ఒంటికి పట్టడానికి, కండరాలు కోలుకోవడానికి ఆ విరామం కావాలి. మన ఇళ్లలో సరిగ్గా దీనికి ఎదురు జరుగుతుంది. పరీక్షల ముందు వారమే రాత్రి ఒంటిగంట దాకా లైటు వెలుగుతుంది.

ఇరవై ఒక్క కిలోమీటర్లూ అయ్యాక ఇంకా 97.5 మీటర్లు మిగులుతాయి. మన లెక్కలో ఆ చివరి ముక్కే ఎంట్రన్స్ హాలు. ఆ 97.5 మీటర్లు పరిగెత్తడానికి కాళ్లలో సత్తువ మిగలాలంటే మొదటి మూడు కిలోమీటర్లలో ఎవరో ఒకరు "మెల్లగా నాన్నా" అని ఉండాలి. ఆ ఎవరో ఒకరు మనమే.

"కానీ పోటీ ఉంది కదా మేడమ్"

ఉంది. 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు పద్నాలుగు లక్షలకు పైనే. ఆ ఏడాది ఐఐటీల్లో సీట్లు 17,740. ఈ అంకెలు చూసి భయపడటం సహజం. కానీ అవే అంకెలు ఇంకో మాట కూడా చెప్తున్నాయి. ఆరు నుంచే వేగం పెంచిన పిల్లలందరికీ సరిపడా సీట్లు లేవు. అందరూ వేగం పెంచినందువల్ల సీట్లు పెరగవు, అలసిన పిల్లలు పెరుగుతారు. సీటు వచ్చినా రాకపోయినా పద్దెనిమిదేళ్ల వయసులో ఆ పిల్లకు నేర్చుకోవాలన్న ఆసక్తి, ఆరోగ్యం, మనతో మనసు విప్పి మాట్లాడే అలవాటు మిగలాలి. అవి ఉంటే ఏ కాలేజీలో చేరినా బాగుపడుతుంది.

"ముందు మొదలుపెడితే ముందుంటాం కదా" అనేవాళ్లకు ఒక మనిషిని గుర్తుచేస్తాను. అవినాశ్ సాబ్లే. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో ఒక పల్లెటూరి వాడు. పన్నెండో తరగతి తర్వాత సైన్యంలో చేరాడు, సియాచిన్‌లో పనిచేశాడు. పోటీ పరుగుల్లోకి వచ్చింది 2015లో, ఇరవై ఏళ్లు దాటాక. 2020 నవంబర్‌లో ఢిల్లీ హాఫ్ మారథాన్‌ను గంటా 30 సెకన్లలో పూర్తి చేసి జాతీయ రికార్డు సృష్టించాడు. 2022 కామన్వెల్త్ క్రీడల్లో స్టీపుల్‌ఛేజ్‌లో రజతం, 2023 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. అందరూ ఆలస్యంగా మొదలుపెట్టాలని నేను అనడం లేదు. ముందే మొదలుపెట్టకపోతే దారులన్నీ మూసుకుపోతాయన్నది మాత్రం నిజం కాదు.

చదువుకీ పరుగుకీ ఉన్న పెద్ద తేడా కూడా చెప్పుకోవాలి. మా అక్క తన బిబ్ తనే పెట్టుకుంది. ఎంత దూరమో, ఏ పోటీయో తనే ఎంచుకుంది. ఇష్టం లేకపోతే మధ్యలో ఆగిపోయే హక్కు తనకుంది. మన పిల్లల చొక్కాకు నెంబరు మనం పెట్టాం, దారి మనం ఎంచాం. పదకొండేళ్ల పిల్లలకు "నేను అలిసిపోయాను" అని చెప్పడం కూడా రాదు. అందుకే వేగం చూసుకునే బాధ్యత వాళ్లది కాదు, మనది.

ఈ నెల నుంచి మనం చేయగలిగినవి

పిల్లలతో 21 కిలోమీటర్లు పరిగెత్తించమని నేను చెప్పడం లేదు. అది ఎదిగిన ఒంటికి, నెలల తరబడి సాధన తర్వాత చేసే పని. పిల్లలకు కావాల్సింది ఆట. నేను అడిగేవి చిన్నవే.

ఒకటి. గేమ్స్ పీరియడ్ తీసేయమని అడగకండి. ఎవరైనా తీసేస్తుంటే ఎందుకని అడగండి. ఈ మాట మన స్కూల్‌కీ వర్తిస్తుంది. ప్రీ-ఫైనల్స్ దగ్గరపడగానే టైంటేబుల్‌లో ముందుగా మాయమయ్యేది పీఈటీ సార్ పీరియడే. స్టాఫ్ మీటింగ్‌లో కూడా నేను ఇదే అడుగుతున్నాను. మీరూ అడిగితే ఆ మాటకు బలం వస్తుంది.

రెండు. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు స్కూల్ అయ్యాక ఇంకో కోచింగ్ పెట్టేముందు ఒక్క వారం గమనించండి. తిండి సరిగా తింటున్నారా, ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, తమంతట తాముగా ఏదైనా పుస్తకం పట్టుకుంటున్నారా? పరుగులో వేగం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది: మాట్లాడుతూ పరిగెత్తగలగాలి. ఇంట్లోనూ అదే పరీక్ష. చదువుకుంటున్న పిల్లలు మనతో కబుర్లు చెప్పగలుగుతున్నారంటే వేగం సరిపోయినట్టే. మాటలు తగ్గిపోయాయంటే వేగం తగ్గించాలి.

మూడు. స్లిప్ టెస్ట్ పేపర్ ఇంటికొచ్చినప్పుడు "పక్కవాళ్లకు ఎన్నొచ్చాయి?" అన్న ప్రశ్న ఈ ఒక్క టర్మ్‌కి ఆపి చూడండి. దాని బదులు "పోయినసారి రానిది ఈసారి ఏదొచ్చింది?" అని అడగండి. చిప్ గడియారం అంటే అదే.

నాలుగు. అమ్మమ్మలకు, తాతయ్యలకు ప్రత్యేకంగా ఒక విన్నపం. సాయంత్రం నడకకు వెళ్లేటప్పుడు మనవణ్ణో మనవరాలినో వెంట తీసుకెళ్లండి. కొండలూ ఏరూ ఉన్న దారి అందరికీ దగ్గర్లో ఉండకపోవచ్చు. మీ ఊరి చెరువు గట్టు, కాలనీ పార్కు, స్కూల్ గ్రౌండ్, ఏదైనా సరే. ఆ అరగంటలో చదువు ఊసెత్తకండి. వాళ్లే ఏదో ఒకటి చెప్తారు. వినండి చాలు.

వచ్చే పీటీఎంలో నా టేబుల్ దగ్గరికి వచ్చినప్పుడు మీ అబ్బాయి ర్యాంకు గురించి, మీ అమ్మాయి గ్రామర్ గురించి తప్పకుండా మాట్లాడుకుందాం. దానికి ముందు నేను మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను: "ఈ వారం ఎన్ని రోజులు ఆడుకున్నారు?" జవాబు సిద్ధంగా ఉంచుకుని రండి.